మబ్బు రోజున ఉదయగిరి దుర్గం ఎక్కి, అదే సాయంత్రం ఇంటి పనులు చూసుకోవచ్చా?

తమ్ముడూ, నీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. ఉండేది నెల్లూరులో. శ్రావణమాసం, రెండో శనివారం సెలవు. ఆ రోజు మబ్బుగా ఉంటుందంటున్నారు కాబట్టి నువ్వూ మీ ఆవిడా పదకొండేళ్ల మేనల్లుడూ కలిసి ఉదయగిరి దుర్గం ఎక్కాలనుకుంటున్నారు. కాకపోతే అదే రోజుకి పనులూ పోగుపడ్డాయి. టైలర్ దగ్గర వ్రతం జాకెట్లు, పిండి పట్టించడం, అమ్మగారి బీపీ మాత్రలు, రేషను, కూరగాయలు. రెండూ ఒకే రోజు పెట్టుకోవచ్చా, లేక పనులు ఆదివారానికి తోసేసి కొండ మీద తీరిగ్గా గడపాలా అని అడిగావు.

పెట్టుకోవచ్చు. అసలు ఆ పనులు పెట్టుకునే వెళ్లమంటాను. ఆ కొండ కింద కొన్నేళ్లు ఉద్యోగం చేశాను, ఇప్పటికీ వీలు దొరికినప్పుడల్లా కుర్రాళ్లను వెంటబెట్టుకుని ఎక్కుతుంటాను. నేను చూసినంతలో దుర్గం మీద ఇబ్బంది పడేవాళ్లు ఎక్కేటప్పుడు పడరు. పైన కూర్చుని ఇంకాసేపు, ఇంకో బురుజు, ఇంకో ఫొటో అంటూ పొద్దు పోగొట్టుకుని, చివర్లో గబగబా దిగేటప్పుడు పడతారు. ఎండ రోజైతే ఎండే మనిషిని కిందికి తరుముతుంది. మబ్బు రోజు హాయిగా ఉంటుంది, టైమే తెలియదు. సాయంత్రం కింద ఒక పని ఉందనుకో, అదే నిన్ను వేళకు కిందికి లాక్కొస్తుంది. ముందు ఆ సాయంత్రం పని టైము చూసుకో, దాన్నుంచి వెనక్కి లెక్కేసుకుంటూ కొండ మీద ఎన్నింటికి తిరగాలో తేల్చుకో. మిగతా ప్లానంతా దాన్ని బట్టే.

ముందు మబ్బు సంగతి. మన జిల్లాలో మబ్బులన్నీ ఒకటి కావు. ఏడాది వానలో సగానికి పైగా మనకు పడేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాల్లో. ఆ మబ్బు తూర్పు నుంచి, సముద్రం మీద నుంచి వస్తుంది. వాయుగుండం ఏదైనా తోడైతే రోజుల తరబడి కదలదు. 2021 నవంబరులో పెన్నా పొంగి కోవూరు దగ్గర హైవే, పడుగుపాడు దగ్గర రైలు కట్ట తెగిపోయినప్పుడు చూశాం కదా ఆ మబ్బు ఏం చేస్తుందో. కార్తీక మాసంలో మబ్బు చూసి కొండ ఎక్కుతానంటే నేనైతే వద్దనే అంటాను. నీ శ్రావణం మబ్బు వేరు. ఆషాఢ శ్రావణాల్లో పొద్దున ఆకాశమంతా బూడిదరంగు దుప్పటిలా కప్పేసి ఉంటుంది, చినుకు రాలదు, మధ్యాహ్నం దాకా అలాగే ఉంటుంది. చాలాసార్లు చల్లగాలి ఇచ్చి వెళ్లిపోతుంది. కొండెక్కడానికి ఇదే మంచి మబ్బు. దీనిలోనూ ఒక చిక్కుంది. ఈ నెలల్లో ఉరుముల వాన పడితే ఎక్కువగా మధ్యాహ్నం తర్వాత, పడమటి నుంచి, కడప వైపు వెలిగొండలు దాటి వస్తుంది. పైన ఉన్నప్పుడు నీ చూపు తూర్పున ఊరి వైపు, పొలాల వైపు ఉంటుంది, వాన నీ వీపు వెనకాల తయారవుతుంటుంది. అందుకే పావుగంటకోసారి పడమటికి తిరిగి చూడు. మబ్బు అడుగు సాఫుగా ఒకే రంగులో ఉంటే పర్వాలేదు. ఎక్కడైనా ముద్దగా పైకి పొంగుతూ, అడుగు నల్లబడి సీసం రంగుకు తిరిగితే అప్పటికి ఎంత ఎక్కి ఉన్నా దిగడమే.

చేతిలో ఫోను ఉంది కాబట్టి శుక్రవారం సాయంత్రం ఒకసారి, శనివారం బయల్దేరే ముందు ఒకసారి చూసుకో. వాతావరణ శాఖ వాళ్లు జిల్లాలవారీగా రంగుల హెచ్చరికలు ఇస్తారు. పసుపు ఉంటే ఆలోచించు, నారింజ ఉంటే మానుకో. శ్రీహరికోటలో డాప్లర్ రాడార్ ఉంది, దాని బొమ్మలు వాతావరణ శాఖ సైట్లోనే దొరుకుతాయి. మన జిల్లా మొత్తం దాని చూపులోకి వస్తుంది. ఆ బొమ్మల్లో కడప వైపు నుంచి ఎర్రమచ్చలు, అంటే గట్టి వాన మబ్బులు, కదులుతున్నాయా లేదా అన్నదే నువ్వు చూడాల్సింది. పిడుగులకు ‘దామిని’ అని పూణే ఉష్ణమండల వాతావరణ సంస్థ వాళ్ల యాప్ ఉంది, దగ్గర్లో పిడుగులు పడుతుంటే చెప్తుంది. తెలుగులోనూ ఉంది. ముందే ఎక్కించుకో. పైన కొన్ని మలుపుల్లో సిగ్నల్ అందదు, కాబట్టి పూర్తిగా దాన్నే నమ్ముకోవద్దు.

ఇక ప్రయాణం. నెల్లూరు నుంచి ఉదయగిరి వంద కిలోమీటర్లకు అటూ ఇటూ. బుచ్చి, సంగం, ఆత్మకూరు మీదుగా వెళ్తావు. కారైతే తెల్లారి నాలుగున్నరకు బయల్దేరండి. ఏడింటికి ఉదయగిరిలో ఉంటారు. బస్సైతే మీ ఆవిడకు టికెట్ డబ్బులుండవు, 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగుల్లోనూ ఎక్స్‌ప్రెస్సుల్లోనూ ఆడవాళ్లకు ఉచితం కదా, ఆధార్ కార్డు మాత్రం దగ్గర పెట్టుకోమను. కాకపోతే బస్సులో పోతే తిరుగు ప్రయాణం మన చేతుల్లో ఉండదు, సాయంత్రం పనుల లెక్క తప్పుతుంది. ఈ ప్లానుకు కారో, ఎవరిదైనా బండో కావాలి. టూవీలర్ మీద ముగ్గురు, అందులో పిల్లాడు, వంద కిలోమీటర్లు, పైగా వాన రోడ్డు. వద్దే వద్దు.

టిఫిను ఉదయగిరి చేరాక హోటల్లో కడుపు నిండా లాగించకు. ఇడ్లీయో, ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోరో కొంచెం తిని ఎక్కండి. ఎక్కే ముందు ఊళ్లో ఎవరినైనా అడిగి దారి తెలిసిన మనిషిని మాట్లాడుకో. పశువులు, మేకలు తోలుకెళ్లేవాళ్లకు ఆ కొండ అరచేతిలో ఉన్నట్టే. వాళ్లు అడిగింది ఇవ్వు, బేరమాడకు. అది అడవి, ఎలుగుబంట్లు తిరుగుతాయి. మసక వెలుతురులో, పొదల దగ్గర నిశ్శబ్దంగా నడవకూడదు. మాట్లాడుకుంటూ వెళ్తే మన సందడి విని అవే తప్పుకుంటాయి. అటవీ శాఖ వాళ్లు ఆ రోజు ఎక్కొద్దు అంటే ఎందుకని వాదన పెట్టుకోకు.

కొండ గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఎత్తు తెలియకుండా చాలామంది గుడిమెట్లు ఎక్కినట్టే అనుకుని బయల్దేరతారు. దుర్గం శిఖరం సముద్రమట్టానికి 3,079 అడుగులు. చాలాచోట్ల పక్కలు నిటారు, కొన్ని వైపుల దాదాపు వెయ్యి అడుగుల బండ గోడే. పూర్వం ఇక్కడ మొత్తం 13 కోటలుండేవని, ఎనిమిది కొండ మీద, ఐదు కింద అని పాత గెజిటీర్లలో రాశారు. ఎక్కగలిగిన ప్రతి దారికీ అడ్డంగా గోడ కట్టి కాపలా పెట్టారు. నువ్వు ఎక్కుతుంటే ఆ గోడలు ఒకదాని తర్వాత ఒకటి తగులుతూనే ఉంటాయి. ఒడిశా రాజులు గజపతుల చేతుల్లో ఉన్న ఈ దుర్గాన్ని తీసుకోవడానికి శ్రీకృష్ణదేవరాయలు 1513లో ముట్టడి మొదలుపెడితే 1514లో గాని చిక్కలేదు. ఏడాదిన్నర పట్టింది. గెలిచాక ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపీకి తీసుకెళ్లి అక్కడ కృష్ణాలయం కట్టించి ప్రతిష్ఠించాడు. అంతటి రాయలు ఏడాదిన్నర ఈ కొండ కింద కాచుకుని ఉన్నాడు. నీ శనివారం వాన పడితే ఇంకో శనివారం దాకా ఆగడం పెద్ద సంగతేం కాదు.

పైన చూడాల్సినవి చాలా ఉన్నాయి. కూలిన గుళ్లు, మసీదు, బురుజులు, నీటి గుంటలు, ప్రాకారం ముక్కలు. ఒక రోజులో అన్నీ చూడలేరు, చూడాలని పట్టుబట్టకండి. పిల్లాడున్నాడు కాబట్టి ఎక్కడానికి మూడు గంటలు పెట్టుకో. ఏడుంబావుకు మొదలైతే పదింబావుకు ఎంతవరకు వస్తే అంతవరకు. అక్కడ ఒక గంట ఉండండి. పదకొండుంబావుకు వెనక్కి తిరగాలి, శిఖరం ఎదురుగా కనబడుతున్నా సరే. ఈ టైము కిందే మీ ఆవిడతో, గైడ్‌తో, పిల్లాడితో కూడా చెప్పి ఒప్పించుకో. పైకెళ్లాక మాట్లాడుకుంటే ఎవరో ఒకరు ‘ఇంకో పది నిమిషాలు’ అంటారు.

మబ్బు రోజున బండ మీద నడక గురించి వివరంగా చెప్తాను, అన్నిటికంటే ముఖ్యం అదే. ఎండిన బండ బూడిదరంగులోనో లేత గోధుమరంగులోనో గరుకుగా ఉంటుంది, కాలు పట్టుకుంటుంది. శ్రావణంలో నీళ్లు జారే దారుల్లో అదే బండ మీద నల్లటి పూత కడుతుంది. ఎండాకాలంలో అది ఎండిపోయిన మసిలా ఉంటుంది, ఏం చేయదు. ఒక్క తుప్పర పడిందంటే చాలు, సబ్బు పూసినట్టు అవుతుంది. చూడటానికి సన్నగా మెరుస్తుంది. అనుమానం వస్తే వంగి వేలితో రాసి చూడు, జిగటగా తగిలితే అక్కడ అడుగు వేయొద్దు, పక్కన మట్టి మీదో గడ్డి మొదట్లోనో వెయ్యి. అడుగు మడమతో గాని మునివేళ్లతో గాని కాకుండా పాదమంతా ఒకేసారి ఆనేలా వెయ్యి. దిగేటప్పుడు ఏటవాలు ఎక్కువైన చోట ఎదురుగా దిగకు, పక్కకు తిరిగి అడ్డంగా ఒక్కో అడుగూ దించు. చేతులు ఖాళీగా ఉండాలి. ఫోను జేబులో, నీళ్ల సీసా సంచిలో. పాత మెట్ల రాళ్లు కొన్ని కదులుతాయి, బరువు మొత్తం వేసే ముందు ఒకసారి నొక్కి చూడమని పిల్లాడికి నేర్పు. వాడికి అది ఆటలా ఉంటుంది, నీకు గుండె నిబ్బరంగా ఉంటుంది. చెప్పులు, మైదానంలో ఆడే నున్నటి అడుగు బూట్లు రెండూ వద్దు, అడుగున గాట్లున్న బూట్లు వేసుకోండి. జాకెట్లు తెచ్చుకునే పని ఉంది కదా అని మీ ఆవిడ చీర కట్టుకుని వస్తానంటే, ఆ చీర కారులో పెట్టుకోమను. ఎక్కేటప్పుడు చుడీదారో ప్యాంటో మేలు.

మబ్బు కదా అని నీళ్లు తక్కువ తీసుకెళ్తారు. ఇది చాలామందికి అర్థం కాని విషయం. మబ్బు రోజు గాలిలో తేమ ఎక్కువ. చెమట పడుతుంది గాని ఆరదు. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడేది. ఒళ్లు లోపల వేడెక్కుతుంటుంది, పైన చల్లగాలి తగులుతుంటుంది కాబట్టి దాహం తెలియదు. పెద్దవాళ్లకు మనిషికి రెండు లీటర్లు, పిల్లాడికి లీటరున్నర తప్పదు. అందులో సగం ఉప్పేసిన మజ్జిగో, నిమ్మకాయ నీళ్లలో ఉప్పూ పంచదారా కలిపిందో అయితే ఇంకా మంచిది. పైన గుంటల్లో నీళ్లు చూడటానికి బాగుంటాయి, తాగొద్దు. పిల్లాడు కబుర్లు ఆపేసి మౌనంగా నడుస్తున్నాడంటే అలిగాడనుకోకు, కూర్చోబెట్టి నీళ్లు పట్టించు. పల్చటి మబ్బులోంచి అతినీలలోహిత కిరణాలు చాలావరకు దిగుతూనే ఉంటాయి, కాబట్టి టోపీ పెట్టుకోండి. సాయంత్రానికి మెడ వెనక మండటం మొదలైతే బజారు తిరగడానికి ఓపిక ఉండదు.

పిడుగు లెక్క సులువే. మెరుపు కనబడ్డాక ఉరుము వినబడే దాకా లెక్కపెట్టు. మూడు సెకన్లకు ఒక కిలోమీటరు. ముప్పై సెకన్ల లోపు వినబడితే పిడుగు నీ దాకా రాగల దూరంలో ఉన్నట్టే, వెంటనే గుట్ట కొసలు, బురుజులు, ఒంటరి చెట్లు వదిలి కిందికి దిగు. పాత మండపం కనబడితే అందులో దూరుదాం అనిపిస్తుంది. నాలుగు పక్కలా తెరిచి ఉన్న మండపం వానకు పనికొస్తుంది గాని పిడుగుకు పనికిరాదు. చివరి ఉరుము వినబడ్డాక అరగంట దాకా మళ్లీ పైకి పోవద్దు. నీ టైముకు ఆ అరగంట పోతే ఇక ఆ రోజుకు ఎక్కడం అయిపోయినట్టే, దిగిపోండి.

ఇంకొకటి. శిఖరం దగ్గర మబ్బు మీ మీదికే దిగొచ్చు. పది అడుగుల అవతల దారి కనబడదు. అలాంటప్పుడు ఎవరూ ముందుకు పోవద్దు, ముగ్గురూ ఒకచోట నిలబడండి, కాసేపట్లో విచ్చుకుంటుంది. ఎక్కేటప్పుడు దారి చీలిన ప్రతి చోటా ఆగి వెనక్కి తిరిగి ఒక ఫొటో తీసుకో. దిగేటప్పుడు ఆ చోటు ఎలా కనిపిస్తుందో ఆ ఫొటోలో ఉంటుంది. ఎక్కేటప్పుడు చూసిన దారి దిగేటప్పుడు గుర్తుపట్టలేం, ఎంత తెలిసిన కొండైనా. గోడల పగుళ్లలో, బండ కింద తేనెతుట్టెలుంటాయి. సెంటు కొట్టుకుని రావద్దు, దగ్గర్లో పొగ పెట్టొద్దు, పిల్లాణ్ణి రాళ్లు విసరనివ్వొద్దు.

పదకొండుంబావుకు తిరిగితే ఒంటిగంటన్నరకు ఊళ్లో ఉంటారు. భోజనం అక్కడే చేసెయ్యండి. తిన్నాక ఒక పని ఉదయగిరిలోనే చూసుకోవచ్చు. ఇక్కడి చెక్క గరిటెలు, చెంచాలు, ఫోర్కులు, దువ్వెనలు పేరున్నవి, ఉదయగిరి కొయ్య చెంచాలకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. చుట్టుపక్కల అడవుల్లో దొరికే నర్ది, బిక్కి లాంటి కర్రతో చేతితో చెక్కుతారు. నాన్‌స్టిక్ గిన్నెలకు ఇనప గరిటె వాడి పూత లేపేసుకునే బదులు ఇక్కడ రెండు గరిటెలు కొనుక్కోమని మీ ఆవిడకు చెప్పు. కొనేటప్పుడు కాడ, ఆకు కలిసే చోట గోరుతో రుద్ది చూడు, పీచు లేవకూడదు. ఇంటికెళ్లాక నానబెట్టొద్దు, కడిగి నీడలో ఆరబెట్టుకుంటే చాలాకాలం వస్తాయి. ఇంట్లో నిజంగా వాడే వస్తువు, చేసినవాళ్ల చేతికే డబ్బు అందుతుంది. అందుకే ఈ పని జాబితాలో చేర్చమని గట్టిగా చెప్తున్నాను.

కారు ఎక్కే ముందు బూట్లు విప్పి చెప్పులు వేసుకోండి, చొక్కాలు మార్చుకోండి. బురద బూట్లతో టైలర్ షాపులోకి పోతే కుట్టిన బట్టలన్నీ కిందే పరిచి ఉంటాయి, ఆయన మొహం చూడలేవు. రెండింబావుకు బయల్దేరితే అయిదింటికి నెల్లూరు. డ్రైవింగ్ నువ్వే అయితే ఆత్మకూరులో ఆగి టీ తాగు, కాళ్లు చాపుకుని నాలుగడుగులు నడువు. కొండ దిగిన కాళ్లు గంట సేపు కదలకుండా ఉంటే పట్టేస్తాయి, బ్రేకు మీద పాదం బరువెక్కుతుంది. మధ్యాహ్నం తిండి తర్వాత నిద్ర ముంచుకొస్తే కారు పక్కకు ఆపి ఇరవై నిమిషాలు కన్ను మూసుకో. రేషను ఎనిమిదింటి దాకా ఉంటుంది.

ఇప్పుడు పనుల వరుస. నా పద్ధతి ఒకటే. తప్పితే ఇబ్బంది అయ్యే పని ఏదీ కొండ తర్వాతకు పెట్టను. అమ్మగారి మాత్రలు ఆ జాబితాలోంచి తీసెయ్, శుక్రవారం రాత్రే తెచ్చి ఆవిడ చేతిలో పెట్టు. టైరు పంచరైతే, వాన అడ్డుపడితే, మీరు రాత్రి పదింటికి చేరితే ఆవిడకు ఒక పూట మాత్ర తప్పుతుంది. మిగతావి తప్పినా ఫర్వాలేదు.

రేషను ప్రతి నెలా ఒకటో తారీఖు నుంచి పదిహేను దాకా, పొద్దున ఎనిమిది నుంచి పన్నెండు, సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది వరకు ఇస్తున్నారు. రెండో శనివారం ఎప్పుడూ ఎనిమిది, పద్నాలుగు తారీఖుల మధ్యే పడుతుంది కాబట్టి నెల గడువు దాటే భయం లేదు. నెల్లూరు చేరగానే మొదట అక్కడికే వెళ్లు. ఒక్క జాగ్రత్త. బండలు పట్టుకుని ఎక్కి దిగిన చేతులకు గీతలు పడి, మట్టి పట్టి, చెమటకు ముడతలు పడి ఉంటాయి. ఈ-పోస్ మిషను వేలిముద్ర తీసుకోదు. సబ్బుతో కడుక్కుని పూర్తిగా ఆరాక వేలు పెట్టు, ఒక వేలు కాకపోతే ఇంకో వేలు. వెనకాల క్యూలో వాళ్లు కసిరితే చిరాకు పడకు, వాళ్లకీ ఇంటి పనులున్నాయి.

తర్వాత టైలరు. శ్రావణంలో నెల్లూరులో ఏ టైలర్ దగ్గరా చెప్పిన రోజుకు జాకెట్ చేతికి రాదు. ఆత్మకూరులో టీ తాగేటప్పుడు ఒక ఫోన్ చేసి ‘అయిందా’ అని కనుక్కోండి, కాలేదంటే ఆ వైపు తిరగడమే అనవసరం. అయితే అక్కడే హుక్కులు, చంక కొలత, మెడ లోతు చూసుకోమను. వరలక్ష్మీ వ్రతం పౌర్ణమి ముందు శుక్రవారం కాబట్టి సరిచేయాల్సింది ఉంటే మధ్యలో రోజులుండాలి. అందుకే ఈ పని ఆదివారానికి తోయొద్దన్నాను, ఆదివారం షాపు ఉంటుందో లేదో.

పిండి విషయంలో మీ ఆవిడను ఒకటి అడుగు. పట్టించాల్సింది పొడి పిండా, తడి పిండా? రోజువారీ బియ్యప్పిండి, శనగపిండి, రాగిపిండి అయితే గింజలు శుక్రవారం సాయంత్రమే మిల్లులో ఇచ్చేసి, శనివారం తెచ్చుకోవడమే. చలిమిడి కోసం తడిపిండి అయితే ఈ శనివారం ప్లానులో అది ఇమడదు. బియ్యం నానబెట్టి, నీళ్లు వార్చి, బట్ట మీద ఆరబోసి, తడి ఉండగానే పట్టించి, అదే రోజు పాకం పెట్టాలి. అది వ్రతం ముందు రోజు పని. పొడి పిండైనా మిల్లు నుంచి వచ్చేటప్పటికి వేడిగా ఉంటుంది. మబ్బు రోజు ప్లాస్టిక్ కవర్లో మూతి కట్టి తెస్తే లోపల చెమ్మ పట్టి, తెల్లారేసరికి ఉండలు కడుతుంది, నాలుగు రోజులకు ముక్క వాసన వస్తుంది. గుడ్డ సంచి తీసుకెళ్లు. ఇంటికి రాగానే పళ్లెంలో పరిచి, పూర్తిగా చల్లారాకే డబ్బాలో పోయమను. మిల్లులో అంతకు ముందు కారం పట్టిన మరలో నీ పిండి వేయకుండా చూసుకో.

కూరగాయలకు ఆ సాయంత్రం ఫతేఖాన్‌పేట రైతుబజారుకు వెళ్లే పని పెట్టుకోకు. మంచి సరుకు పొద్దున్నే అయిపోతుంది, సాయంత్రానికి వాడిన ఆకుకూరలు మిగులుతాయి. ఉల్లిపాయలు, బంగాళాదుంపలు, దొండకాయలు లాంటివి దారిలో సంగం దగ్గరో బుచ్చిలోనో రోడ్డు పక్కన కనబడితే కొనుక్కోండి. ఆకుకూరలూ, చేపలు తినే ఇల్లయితే చేపలూ ఆదివారం పొద్దున తెచ్చుకోవడం మేలు. రెండో శనివారం బ్యాంకులుండవు, ఆ పని ఏదైనా నీ మనసులో ఉంటే ఇప్పుడే తీసెయ్.

ఒకవేళ శనివారం పొద్దున రాడార్ బాగాలేదనుకో. అప్పుడు దుర్గం మానుకో, పనులు మానుకోకు. పనులన్నీ ఆ పూటే ముగించేస్తే వచ్చే వారం నీ సెలవు మొత్తం కొండకే మిగులుతుంది. వచ్చే వారం ఎటూ పనులుండవు కాబట్టి, ఆరింటికల్లా ఇంట్లో ఉంటామని అమ్మగారికి మాట ఇచ్చి బయల్దేరు, వెనక్కి తిరగడానికి అదైనా ఉండాలి.

మేనల్లుడి బూట్ల సైజు ఈ రోజే చూడు. ఆ వయసులో ఆర్నెల్లకే ఇరుకవుతాయి, దిగేటప్పుడు బొటనవేలు గోరు నల్లబడుతుంది. కొత్తవి కొనాల్సి వస్తే ఇప్పుడే కొని శనివారం దాకా రోజూ వాటితోనే తిరగనివ్వు, కొత్త బూట్లతో నేరుగా కొండెక్కితే మడమలు బొబ్బలెక్కుతాయి. ఇంకేమైనా అడగాలంటే ఇక్కడే అడుగు, శుక్రవారం రాత్రి దాకా చూస్తుంటాను.